కింది తొట్టిలో సముద్రం

సంగారెడ్డి
11-6-1978

బావా,

మనుషులమంతా కులాసాగానే ఉన్నాం. కులాసా లేనిది నువ్వు పంపిన చేపలకే. అందుకే దుకాణం కట్టేసి వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా ఈ ఉత్తరం పట్టుకు కూర్చున్నాను.

నువ్వు లెక్కలు రాసే రంగుచేపల కొట్టులో ఆ ఉప్పునీటి తొట్టిని చూసి మనసు పారేసుకున్నది నేనే, ఒప్పుకుంటాను. సముద్రం ముఖం ఎరగని ఊళ్లో, అదీ పప్పులూ పసుపుకొమ్ములూ అమ్ముకుని బతికిన ఇంట్లో, సముద్రపు చేపలుండాలని నాకెందుకు బుద్ధి పుట్టిందో ఇప్పటికీ తెలియదు. పటాన్‌చెరులో నా ఇనుపసామాన్ల దుకాణానికి వచ్చే ఫ్యాక్టరీ ఇంజనీర్లు ఏదో పని కల్పించుకుని మరీ మా ఇంటికొచ్చి తొట్టి చూసిపోతున్నారు. పేరు బాగానే వచ్చింది. కానీ తొట్టి చిన్నది, రెండడుగుల గాజుపెట్టె. అందులో నీళ్లు ఇట్టే వేడెక్కుతాయి, ఇట్టే పాడవుతాయి. పైన జిడ్డులాంటి తెట్టు కడుతోంది. ఆ రెండు నారింజరంగు చేపలూ ఓ మూల వాటి పువ్వును పట్టుకుని కూర్చుంటున్నాయి. అది పువ్వు కాదు, జంతువని నువ్వెంత చెప్పినా నా కంటికి పువ్వే. రొయ్యలైతే రాయి చాటునుంచి రావడమే మానేశాయి.

మీ కొట్టులో పెద్ద తొట్ల కింద ఇంకో తొట్టి ఉంటుంది కదా. నీళ్లు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తిరుగుతూ ఉంటాయి. అలాంటిది నాకూ కావాలి. నీళ్లు ఎక్కువైతే నిలకడగా ఉంటాయని అప్పుడు నువ్వే అన్నావు. అయితే ఆ తొట్లకు రంధ్రాలున్నాయి, నా దానికి లేవు. పటాన్‌చెరులో గాజు కోసే అతన్ని అడిగితే, "కొడితేనే తెలుస్తది సేట్, పల్గుతదో ఆగుతదో" అన్నాడు. అంత ధైర్యం నాకు లేదు.

ఇక మీ అమ్మ సంగతి. తొట్టి దింపిన రోజునే సరస్వతత్త నడుం మీద చేతులు పెట్టుకుని, "కోమటింట్ల చాపలేందిరా? మా నాయిన బతికుంటే తొట్టితోని సహా నిన్ను మంజీరల ఏసొచ్చేటోడు" అంది. అప్పటినుంచి ముందుగదిలో అడుగుపెట్టడం లేదు. పూజగదికి పోవాలన్నా వెనక వాకిలి చుట్టి వస్తోంది. కోపం తగ్గుతుందేమోనని చూస్తున్నాను, తగ్గడం లేదు.

ఉపాయం చెప్పు. అరుణక్కకు నమస్కారాలు చెప్పు.

నీ ముకుంద్

•

బొంబాయి
17-6-1978

ముకుందూ,

చేపల కులాసా రాశావు, నా కులాసా అడగలేదు. పోనీలే. మేడంతటికీ ఒకటే కుళాయి ఉన్న చాల్‌లో, ఒక్క గదిలో నేనూ, అరుణా, పిల్లలూ సర్దుకుంటున్నాం. నీ చేపలకేమో ఇంకో గది కావాలంటున్నావు. పెట్టిపుట్టాయి.

రంధ్రం అక్కర్లేదు. తొట్టి వెనక అంచుకు రెండు చిన్న పెట్టెలు తగిలించాలి, లోపల ఒకటి, బయట ఒకటి. లోపలి పెట్టె పై అంచున దువ్వెన పళ్లలా గాట్లుంటాయి. నీళ్లు ఆ గాట్ల ఎత్తుకు వస్తేనే పెట్టెలో పడతాయి. అక్కడినుంచి గాజు అంచు మీదుగా వంగిన గొట్టం ఒకటి వాటిని బయటి పెట్టెలోకి లాగుతుంది. పీపాలోంచి కిరోసిన్ తీసేటప్పుడు గొట్టాన్ని నోటితో పీల్చి సీసాలోకి వదిలేవాళ్లం, అదే ఉపాయం. బయటి పెట్టె అడుగునుంచి ఇంకో గొట్టం కింది తొట్టిలోకి దిగుతుంది. అక్కడ గులకరాళ్లు, నీళ్లు వడగట్టే దూది. తేరిన నీళ్లను చిన్న మోటారు పైకెక్కిస్తుంది.

ఇప్పుడు చెప్పేది దుకాణం గొడవలో పడి మరిచిపోకు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది కానీ, పైనీళ్లు గాట్ల దాకా కిందికి దిగుతూనే ఉంటాయి. వాటికి జాగా ఉండాలి కాబట్టి కింది తొట్టిని సగానికి మించి నింపొద్దు. వంగిన గొట్టంలో గాలి చేరిందా, దీనికి తలకిందులవుతుంది. దిగడం ఆగుతుంది, ఎక్కడం ఆగదు, పైతొట్టి పొర్లుతుంది. ఇంకోటి, నీళ్లు ఇగిరిపోతే మంచినీళ్లే పొయ్యి. ఉప్పు ఎక్కడికీ పోదు.

పెట్టెలూ, గొట్టాలూ, మోటారూ లారీ పెంటయ్యతో పంపిస్తున్నాను. మోటారు ఓడ మీద వచ్చిన సరుకు, ఒళ్లంతా ప్లాస్టిక్కే. పదిహేను రోజులకోసారి సముద్రపు నీళ్ల డ్రమ్ము కూడా అతనే దింపుతాడు. కింది తొట్టి మాత్రం నువ్వే చూసుకో.

అమ్మ నోరు నీకు కొత్తా? చిన్నప్పుడు ఇద్దరం మామిడికాయలు కోసుకొచ్చామని ఆ నోటితోనే వీధంతా వినిపించింది, ఆ చేతులతోనే పచ్చడి నూరి పెట్టింది. నోరు చూసి మనిషిని అంచనా వెయ్యకు.

కిషన్

•

సంగారెడ్డి
9-7-1978

బావా,

నీ యంత్రం పనిచేసింది. పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు వాడేసిన డ్రమ్ములు అమ్మేవాడి దగ్గర నీలంరంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి కొని, అడ్డంగా కోయించి తొట్టి చేశాను. నీళ్లు సన్నగా చప్పుడు చేస్తూ దిగుతుంటే మా ఇల్లాలు చంద్రకళ కూడా వంట మానేసి వచ్చి చూసింది. తెట్టు పోయింది. రొయ్యలు పట్టపగలే షికారు చేస్తున్నాయి. నాలుగు రోజులు నా అంత గొప్పవాడు జిల్లాలో లేడనుకున్నాను.

అయిదో రోజు ఏం జరిగిందో విను. సాయంత్రం బస్సు దిగి ఇంటికొస్తే ముందుగదిలో షాబాదు బండలు చల్లగా తగిలాయి. వంగి చూస్తే బండల సందుల్లో తెల్లగా ఉప్పు. ఎవరో నీళ్లు పారబోసి, మళ్లీ తుడిచిపెట్టారు. చంద్రకళ పగలంతా పోతిరెడ్డిపల్లిలో వాళ్ల పిన్ని దగ్గరుంది. ఇంట్లో ఉన్నది అత్త ఒక్కతే. "అత్తా, ఈడ నీళ్లెట్ల వడ్డయి?" అంటే, "నాకేం ఎరుకరా, నీ సముద్రం నువ్వే అడుక్కో" అని చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. తల ఎత్తలేదు. ఆమె చీర కొంగు మీద ఉప్పు తెల్లగా ఆరి ఉంది. అది నేను చూశాను.

తుడవడం తప్పని అనడం లేదు. తుడిచి, తెలియదనడం ఎందుకు? వంగిన గొట్టం కూడా కొంచెం పక్కకు జరిగి ఉంది. ముందుగదిలో అడుగే పెట్టని మనిషి ఆవేళ ఎందుకు పెట్టినట్టు?

ఇంకోటి కూడా ఉంది, మొన్న రాయాలనుకుని ఊరుకున్నాను. పెంటయ్య డ్రమ్ము దింపుతుంటే అత్త అరుగు మీద నిలబడి అతన్ని పోలీసు లాగా అడిగింది. "ఏ సముద్రం నీళ్లయ్యా ఇవి? యాడ ముంచుతవు? మా కిషనుండే తానికి దగ్గరనా?" అని. నీళ్లు మురికివని రుజువు చేసి, తొట్టి ఎత్తించాలని ఆమె ఎత్తు. నాకు అలాగే అనిపిస్తోంది.

ముకుంద్

•

బొంబాయి
14-7-1978

ముకుందూ,

ఆవేళ సంగారెడ్డిలో కరెంటు పోయిందా లేదా? ముందు అది కనుక్కో. తర్వాత కింది తొట్టిని ఎంతదాకా నింపావో నీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పు. నువ్వు సగం దగ్గర ఆగి ఉండవు. నువ్వు ఏ డబ్బాలోనూ ఖాళీ వదిలే మనిషివి కావు, నాకు తెలియదా? కరెంటు పోయింది, పైనీళ్లు దిగాయి, నీ నీలం డ్రమ్ము పొంగింది. అంతే కథ. గొట్టం జరిగిందంటే అమర్చినవాడు సరిగా బిగించలేదన్నమాట. ఆ అమర్చినవాడెవరో నీకు తెలుసు.

అమ్మ ఎందుకు తెలియదందో నాకు తెలియదు. ఈ ఇంట్లో ఏది ఒలికినా చివరకు తన మీదికే వస్తుందని అనుకుందేమో. నీ ఉత్తరం చూస్తే అదీ నిజమే అనిపిస్తోంది. నేను ఎనిమిదేళ్లవాడినప్పుడు నాన్న పోతే, ఆమె నన్ను తీసుకుని పుట్టింటికి వచ్చింది. అది నీ ఇల్లు కాకముందు ఆమె ఇల్లు. ఆమె ఉండటం మీకు ఇరుకుగా ఉంటే ఇరుకని రాయి. మధ్యలో చేపలెందుకు?

డ్రమ్ము సంగతి కూడా చెప్పు. అందులో ముందు ఏం సరుకు ఉండేది? పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో మందులూ రసాయనాలూ నింపుతారు కదా. అడిగి కొన్నావా, చవకని కొన్నావా?

కిషన్

•

సంగారెడ్డి
8-8-1978

బావా,

నీ ఉత్తరం చదివి మూడు వారాలు జవాబు రాయబుద్ధి కాలేదు. ఇరుకని నేనెప్పుడన్నాను? అనని మాట నా నోట్లో పెడితే ఎలా? కరెంటు ఆవేళ పోయిన మాట నిజమే. డ్రమ్ము నిండుగా ఉన్న మాటా నిజమే. ఇప్పుడు సగమే నింపుతున్నాను. డ్రమ్ములో అంతకుముందు కొబ్బరినూనె ఉండేదట. వాసన ఇప్పటికీ వస్తుంది, నువ్వొచ్చి చూసుకోవచ్చు.

సరే, అదయిపోయింది. మరి ఇదేమిటో చెప్పు. రొయ్యలు రెండూ చచ్చిపోయాయి. పువ్వు ముడుచుకుపోయి, నిమ్మకాయంత అయింది. రోజుకింత కరిగిపోతోంది. చేపలు మాత్రం తిరుగుతున్నాయి. నువ్వు పంపే నీళ్లు నిజంగా సముద్రానివేనా, లేక పెంటయ్య బద్ధకించి దారిలో ఏ వాగులోనో ముంచుతున్నాడా? నాలుక మీద వేసుకుంటే ఉప్పగానే ఉన్నాయి. అయినా నమ్మకం కలగడం లేదు.

అనకూడదనుకున్నదే రాస్తున్నాను. లారీ వచ్చిన రోజున అత్త తీరు వేరుగా ఉంటుంది. పొద్దున్నే తలస్నానం చేస్తుంది. ముఖంలో ఎప్పుడూ లేని కళ. నేను దుకాణానికి పోయాక, చంద్రకళను ఏదో ఒక పని చెప్పి పెరట్లోకి పంపి, ముందుగది తలుపు లోపలినుంచి గడియ పెట్టుకుంటుందట. కొద్దిసేపటికి ఏమీ ఎరగనట్టు బయటికొస్తుందట. ఇది చంద్రకళ తనంతట చెప్పలేదు, నేను గుచ్చిగుచ్చి అడిగితే చెప్పింది. నిన్న నేను కింది నీలం డ్రమ్ము అంచు చూస్తే పసుపు మరక, బొటనవేలి ముద్ర. చేపలంటే అసహ్యించుకునే మనిషి తలుపు మూసుకుని చేపల నీళ్ల దగ్గర పసుపుతో ఏం చేస్తున్నట్టు? నువ్వే చెప్పు.

ఆమెను నేను ఏమీ అనలేదు. అనే ధైర్యమూ లేదు. కానీ నాకు రాత్రీ పగలూ అదే ధ్యాస పట్టుకుంది. కొన్నాళ్లు ఆమెను నీ దగ్గర ఉంచుకుంటే నిజమేదో తేలిపోతుంది. ఆమె లేనప్పుడు తొట్టి బాగుపడితే సరి, పడకపోతే నేనే ఆమె కాళ్లు పట్టుకుంటాను.

ఇకనుంచి ఉత్తరాలు పటాన్‌చెరు దుకాణానికి రాయి. ఇంటికి రాస్తే పోస్టుమాన్ పట్టపగలు తెచ్చి అత్త చేతికే ఇస్తాడు.

ముకుంద్

•

బొంబాయి
14-8-1978

ముకుందూ,

చెంచాడు నీళ్లలో తిరిగే పురుగుల కోసం మా అమ్మను ఇంట్లోంచి పంపేస్తానన్నావు. ఎంత మెత్తగా రాసినా నేను చదివింది అదే.

పంపు. నాకేం, ఉన్న ఒక్క గదిలో చాప ఇంకొంచెం జరిపి వేసుకుంటాం. ఆమె ఇక్కడ నా దగ్గర సుఖపడదని తెలిసే కదా ఇన్నేళ్లూ మీ దగ్గర వదిలిపెట్టాను. మీ ఇంట్లో ఆమెకు మర్యాదకు లోటుండదని నిశ్చింతగా ఉన్నాను. ఇప్పుడు ఆ నిశ్చింతా పోయింది.

అయితే నీ ఉత్తరంలో ఒకటి నన్ను నిలవనివ్వడం లేదు. రొయ్యలు ముందు పోయాయి, పువ్వు కరుగుతోంది, చేపలు నిలిచాయి. నీళ్లు మురికివైతే అన్నీ ఒకేసారి పోవాలి. మా కొట్టు సేఠ్ ఊళ్లో లేడు. రాగానే అడుగుతాను.

కిషన్

•

కార్డు
బొంబాయి, 19-8-1978

ముకుందూ, సేఠ్ వచ్చాడు. వినగానే చెప్పాడు: నీళ్లలో రాగి ఉంది. రాగి కలిస్తే రొయ్యలూ పువ్వులూ ముందు చస్తాయి, చేపలు కొన్నాళ్లు తట్టుకుంటాయి. మోటారులో రాగి లేదు. ఇంట్లో రాగి చెంబు వాడేది అమ్మ ఒక్కతే. నాకూ అనుమానం వస్తోంది. లారీ వచ్చిన రోజు దుకాణానికి పోయినట్టు పోయి, వెనక్కొచ్చి కిటికీలోంచి చూడు, ఏం చేస్తుందో తెలుస్తుంది. ఆమెకు మాత్రం తెలియనివ్వకు. తొందరలో కార్డే దొరికింది.

కిషన్

•

సంగారెడ్డి
26-8-1978

బావా,

నీ ఎత్తు నాకు అర్థమైంది. ఒకపక్క కిటికీలోంచి చూడమని నాకు రాస్తావు, ఇంకోపక్క మీ అమ్మను పిలిపించుకుంటావు. నాకు ఒక్క ముక్క రాస్తే నేనే రైలెక్కించేవాణ్ని కదా. నిన్న నేను దుకాణంలో ఉండగా పెంటయ్య డ్రమ్ము దింపి తిరిగి బొంబాయి వెళ్తుంటే, తన బట్టల మూటతో అదే లారీలో ఎక్కి పోయిందట. చంద్రకళ చెయ్యి పట్టుకుని ఆపితే, "బిడ్డా, నీ మీద నాకేం కోపం లేదు, సెయ్యి ఇడువు" అందట. నాకు ఏం చెప్పమంటావంటే, "వానికి చెప్పనీకి నా తాన ఏం లేదు" అందట. ఆ మాట నాకు మింగుడు పడటం లేదు. ఇంకా నేనేమన్నానని?

నీ కార్డు ఇంటికే వచ్చింది. నా కంచం పక్కన పెట్టి ఉంది. చదివి, అన్నం కూడా తినకుండా, డ్రమ్ములో నీళ్లన్నీ తోడించి గులకరాళ్లు తీయించాను. దొరికింది బావా, రుజువు. రాళ్ల అడుగున గుప్పెడు రాగి పైసలు. నైజాం కాలంవి. పచ్చగా చిలుము పట్టి, వేలితో తుడిస్తే పచ్చరంగు అంటుకుంటోంది. మీ సేఠ్ చెప్పినట్టే అయింది. రాగి చేపలకు పడదని ఆమెకు ఎవరు చెప్పారో కానీ, ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. లేకపోతే సరిగ్గా రాగే ఎందుకు వేస్తుంది?

ఇప్పుడు ఆమె నీ దగ్గరే ఉంది కదా. నువ్వే అడుగు. నేను పైసలు దాచి ఉంచాను.

ముకుంద్

•

తంతి
బొంబాయి, 31-8-1978

అమ్మ ఇక్కడికి రాలేదు. నేను పిలవలేదు. ఎక్కడుందో వెంటనే తెలుపు.
కిషన్

•

తంతి
సంగారెడ్డి, 1-9-1978

పెంటయ్య దొరికాడు. జహీరాబాద్‌లో దించాడట. ఇందిరమ్మ ఇంట్లో ఉంది. నువ్వే రా. నన్ను చూస్తే తలుపు తీయదు.
ముకుంద్

•

జహీరాబాద్
7-9-1978

ముకుందూ,

ఇందిరమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఇందిరమ్మను నువ్వు ఎప్పుడూ చూసి ఉండవు. మా నాన్న చెల్లెలు, ఒక్కతే ఉంటోంది, పిండిమర నడుపుకుంటోంది. అమ్మ లోపల మర దగ్గర ఉంది. వచ్చేవాళ్ల గోధుమలు జల్లెడ పట్టిస్తోంది. నాకు అన్నం పెట్టింది. సరిగా మాట్లాడటం మాత్రం లేదు. నిన్న సాయంత్రం ఒక్కసారి మాట్లాడింది, అది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నా కార్డు ఆమె చదివింది. నువ్వు పటాన్‌చెరుకు రాయమంటే, చెయ్యి అలవాటుకొద్దీ ఇంటి చిరునామానే రాసింది. పోస్టుమాన్ తెచ్చి ఆమె చేతికిచ్చాడు. పొద్దున పురాణం చదువుకునే కళ్లద్దాలు పెట్టుకుని నా కార్డు చదివింది. చదివి తీసుకెళ్లి నీ కంచం పక్కన పెట్టింది.

"ఎవ్వరో రాస్తే బాధ కాకపోవురా" అంది. "నా కడుపుల పుట్టినోడు రాసిండు, నన్ను కిటికికెల్లి సూడుమని. దొంగను సూసినట్టు."

పైసల సంగతి అడిగాను. అప్పుడు చెప్పింది.

"తొట్టి వచ్చినప్పుడు నాకు కోపమే. అబద్ధమెందుకు? మల్ల పెంటయ్యను అడిగిన, నీళ్లు యాడికెల్లి తెస్తవని. మీ కిషన్ సారు పొద్దుగాల నడిసే ఒడ్డు కాడ్నే ముంచుతనన్నడు. నా కొడుకు కాళ్లు కడిగిన నీళ్లు నా ఇంటికొచ్చినయి. ఉత్త చేతులతోని ఎట్ల సూడాలెరా? గోదారి దాటితే పైసా ఎయ్యమా? గిదైతే సముద్రమాయె. ఇప్పటి తెల్ల పైసలు గంగమ్మకు పనికిరావు, రాగిదే ఎయ్యాలె. మా నాయిన ఇచ్చిన పైసలు పెట్టెల దాసుకుంటి. లారీ వచ్చినప్పుడల్ల ఇంత పసుపు వెట్టి నాలుగైదు ఏసిన. నా కొడుకును సల్లంగ సూడుమని మొక్కిన."

తలుపెందుకు మూశావంటే, "అంతగనం తిట్టినదాన్ని, మల్ల దానికే మొక్కుతున్నంటే మీరంత నవ్వరా?" అంది. ఆవేళ నీళ్లు తుడిచింది కూడా అందుకేనట. ఆ నీళ్లను నువ్వు కాళ్లతో తొక్కుతావని కొంగుతో ఒత్తి, మొక్కల్లో పిండిందట. చెబితే నవ్వుతావని తెలియదందట.

రాగి చేపలకు పడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు ముకుందూ. నన్ను చల్లగా చూడమని వేసిన పైసలవి. నేను నీకు రాసిన ఉత్తరాలన్నిటిలో ఒక్కసారైనా ఆమెకంటూ ఒక్క వాక్యం రాయలేదు. అది కూడా ఆమె అనలేదు, నాకే తట్టింది. ఆమె అన్నది ఇంకొకటి. నీకూ నాకూ కలిపి అంది.

"ఇద్దరు మొగోళ్లు ఊర్లకు ఊర్లు దాటించి నా మీద ఉత్తరాలు రాసుకుంటిరి. పొయ్యి కాడ కూసున్న నన్ను ఒక్కమాట అడగకపోతిరి."

బొంబాయి వస్తావా అని అడిగాను. నీ దగ్గరికి పోతావా అని కూడా అడిగాను. "నీ గదిల జాగ లేదు, వానింట్ల ఇలువ లేదు. ఈడ రొండూ ఉన్నయి. నన్ను ఈడనే ఉండనియ్యి" అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

రేపు నేను వెళ్లిపోతున్నాను. మన మధ్య తగువు ఏమైనా ఉంటే తర్వాత చూసుకుందాం. ఆమె గురించి మాత్రం నాకు ఇక ఉత్తరాలు రాయకు. నేనూ నీకు రాయను. ఆమెకు చదవడం వచ్చు. ఆమెకే రాయి.

కిషన్

•

సంగారెడ్డి
13-9-1978

అత్తా,

నీకు ఉత్తరం రాసుడు నాకు గిదే మొదలు. ఒక్క ఇంట్ల ఉన్నోళ్లకు ఉత్తరమెందుకని ఎన్నడు రాయలే. బావకు రాసే భాషల నీకు రాయబోతే చెయ్యి నడుస్తలేదు. నీతోని మాట్లాడినట్టే రాస్తున్న.

బావ ఉత్తరం దుకాణంల సదివిన. సదివినంక గిరాకీ వచ్చినా లేవబుద్ధి కాలే. నీ కొంగుకు ఉప్పు సూసిన. డ్రమ్ముకు పసుపు సూసిన. చంద్రకళను సతాయించి సతాయించి అడిగిన. పెంటయ్య మీద అనుమానపడ్డ, బావ మీద అనుమానపడ్డ. వంటింట్లకు నాలుగడుగులేసి నిన్ను అడిగితే అయిపోయేదానికి బొంబాయి దాక ఉత్తరాలు రాసిన. నువ్వు తిడతవని భయపడ్డ అనుకుంటి. గది గూడ నిజం గాదు. నువ్వు గట్లనే చేస్తవని నాకు నేనే తీర్పు చెప్పుకున్న, గందుకే అడగలే. నాకు మస్తు సిగ్గయితున్నది అత్తా.

పైసలు గూడ నీయి నా తాననే ఉన్నయి. రుజువని దాసిపెట్టిన. గా మాట రాసింది నేనే. ఇప్పుడు వాటిని ముట్టుకోనీకి నాకు చెయ్యి వస్తలేదు.

చంద్రకళ నాతోని సక్కగ మాట్లాడుత లేదు. "అత్తమ్మ పోంగ నేను చెయ్యి పట్టుకున్న. నువ్వు ఉంటే గదన్న చేస్తుంటివా?" అని అడిగింది. ఇంట్ల పొద్దున పురాణం సదివే గొంతు ఇనొస్తలేదు. గా గొంతుకే నేను రోజు లేస్తుంటినని నువ్వు పోయినంకనే తెలిసింది. ఇప్పుడు బస్సు తప్పిపోతున్నది.

చేపలను ఏం చెయ్యాల్నో గూడ నేను అనుకోలే. ఉంచుమంటే ఉంచుత, పంపుమంటే పెంటయ్యతోని పంపుత. గది నిన్ను అడిగే చేస్త.

నిన్ను రమ్మంట లేను. గది నీ పుట్టిల్లు, నిన్ను రమ్మననీకి నేనెవ్వన్ని? ఇందిరమ్మ తాన నీకు మంచిగుంటే ఆడనే ఉండు. నా మీద కోపం పోయే దాక ఉండు, పోకున్నా ఉండు. కని నాకు ఒక్కసారి నీ మొఖం సూసి అడగాలని ఉన్నది. ఐతారం పొద్దుగాల బస్సుకు జహీరాబాద్ వస్తున్న. చంద్రకళ గూడ వస్తనన్నది, ముందుగాల నన్నే పొమ్మన్నది. వచ్చి గడప బయటనే నిలవడ్త. తిట్టేది ఉంటే తిట్టు, వీధంత ఇన్నా సరే.

ఇంట్లకు రానిస్తవా, అత్తా?

ముకుంద్